పావగడలో సైకిలు, నడుము: ఒక కొలత చరిత్ర

రోజూ సైకిలు తొక్కేవారికి వచ్చే నడుము నొప్పికి చాలాసార్లు కారణం తొక్కడంలో ఉండదు. మనిషి ఒంటికీ సైకిలుకూ కొలత కుదరకపోవడంలో ఉంటుంది. కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో సైకిలు నడిచిన తీరు చూస్తే ఈ విషయం విడమరచినట్టు కనిపిస్తుంది. దాదాపు నాలుగు వైపులా ఆంధ్రప్రదేశ్ భూములే చుట్టుకున్న ఈ తాలూకాలో ఇంటి మాట ఎక్కువగా తెలుగు. బడిలోనూ కచేరీలోనూ నడిచేది కన్నడం. కసబా, నిడగల్, వై.ఎన్. హొసకోట, నాగలమడిక అనే నాలుగు హోబళులుగా (తాలూకా కింది విభాగాలుగా) ఉన్న ఈ ప్రాంతం గుట్టల సీమ, గరుసు నేల, వానను నమ్ముకున్న వేరుశనగ సేద్యం. జిల్లా కేంద్రం తుమకూరు దాదాపు 100 కిలోమీటర్ల దూరం. రైలు ఎక్కాలంటే హిందూపురమో పెనుకొండో పోవాలి. ఇరవయ్యో శతాబ్దం ముగిసేదాకా తాలూకాలోకి రైలు పట్టాలు రాలేదు. బస్సు నిలిచే చోటికీ ఊరికీ మధ్య, ఊరికీ చేనికీ మధ్య, ఊరికీ బడికీ మధ్య మిగిలిన దూరాన్ని మొదట కాళ్ళు, ఎద్దులబండి, ఆ తర్వాత సైకిలు మోశాయి.

ఎముకలు కుదిపిన తొలి బండ్లు

సైకిలు పుట్టినప్పటి నుంచీ దాని చరిత్రలో సగం నడుమును కాపాడుకునే ప్రయత్నమే. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ చేసిన తొలి రెండు చక్రాల బండికి పెడళ్ళు లేవు. దాని మీద కూర్చుని నేలను కాళ్ళతో తన్నుకుంటూ పోవాల్సి వచ్చేది. 1860లలో ఫ్రాన్సులో ముందు చక్రానికి పెడళ్ళు బిగించారు. ఆ బండికి కర్ర చక్రాలు, వాటి చుట్టూ ఇనుప పట్టీలు. రాళ్ళు పరిచిన వీధుల్లో దాని మీద పోయినవాడి ఒళ్ళు హూనమయ్యేది. ఇంగ్లండులో దానికి ‘ఎముకలు కుదిపేది’ అన్న అర్థం వచ్చే పేరే స్థిరపడింది.

సైకిలు రూపాన్నీ కుదుపునూ మార్చినవి మూడు, ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. 1882లో బర్మింగ్‌హామ్‌కు చెందిన జాన్ బౌల్ట్‌బీ బ్రూక్స్ తోలు సీటుకు పేటెంటు తీసుకున్నాడు. లాగి బిగించిన తోలు కూర్చున్నవాడి ఒంటికి తగ్గట్టు మెల్లగా కుదురుకుంటుంది. తర్వాతి కాలంలో దాని కింద చుట్టల స్ప్రింగులూ చేరాయి. 1885లో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన రోవర్ సైకిలు రెండు చక్రాలనూ దాదాపు సమానం చేసి, చెయినుతో వెనుక చక్రాన్ని తిప్పింది. నేటి సైకిలు రూపం అదే. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడుగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరు తెచ్చాడు. అప్పటిదాకా నేల నుంచి తిన్నగా వెన్నుకు ఎక్కుతున్న దెబ్బను ఆ గాలి మధ్యలోనే తినేసింది.

కుదుపు తగ్గగానే వేగం మోజు పెరిగింది. 1890లలో పందెపు సైకిళ్ళకు హ్యాండిల్ కిందికి దించి, వీపు విల్లులా వంచి తొక్కే కుర్రకారు బయలుదేరింది. ఇలా తొక్కితే గూని వస్తుందని అప్పటి వైద్యులు హెచ్చరించారు. ‘కైఫోసిస్ బైసిక్లిస్టారమ్’ అని దానికి లాటిను పేరు కూడా పెట్టారు. గూని భయం అతిగా చెప్పిందే అయినా, వంగి కూర్చోవడానికీ వెన్నుకూ ఉన్న సంబంధం మీద చర్చ అప్పుడే మొదలైంది. పందెం అవసరం లేని జనం కోసం మరో రకం నిలబడిపోయింది: హ్యాండిల్ సీటంత ఎత్తులోనో అంతకంటే కాస్త పైనో ఉండి, నిటారుగా కూర్చుని తొక్కే బరువైన రోడ్‌స్టర్. భారతదేశపు పల్లెలకు చేరింది ఇదే.

పెద్ద సైకిలు రాక

స్వాతంత్ర్యానికి ముందు ర్యాలీ, హెర్క్యులిస్, బీఎస్‌ఏ, ఫిలిప్స్ పేర్లతో ఇంగ్లండు సైకిళ్ళు దిగుమతయ్యేవి. సైకిలున్న ఇల్లంటే కలిగిన ఇల్లని లెక్క. బొంబాయిలో 1939లో హింద్ సైకిల్స్ మొదలైంది. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1952లో ఆసన్‌సోల్‌లో సెన్-ర్యాలీ, 1956లో లూధియానాలో హీరో వచ్చాయి. దేశంలో 1950-51లో లక్షకు లోపు ఉన్న సైకిళ్ళ తయారీ 1960-61 నాటికి ఏటా పది లక్షలు దాటింది. మద్రాసులో తయారైన హెర్క్యులిస్, లూధియానా నుంచి వచ్చిన హీరో, సోనీపత్ అట్లాస్ పేర్లు మైసూరు రాష్ట్రంలోనూ రాయలసీమలోనూ ఇంటింటి మాటలయ్యాయి. 1956లో భాషల వారీగా రాష్ట్రాల హద్దులు మారినా పావగడ మైసూరు రాష్ట్రంలోనే ఉండిపోయింది. అటు మడకశిర, హిందూపురం ఆంధ్రలో, ఇటు పావగడ మైసూరులో; తిరిగే సైకిళ్ళు మాత్రం ఒకటే రకం.

ఆ సైకిలు నడుముకు మేలూ చేసింది, కీడూ చేసింది. మేలు దాని కూర్చోబెట్టే తీరులో ఉంది. 28 అంగుళాల పెద్ద చక్రం చిన్న గుంతను గుంత అనిపించకుండా దాటించేది. పొడవైన ఫ్రేము, వెనక్కి వాలిన సీటు పైపు, తోలు సీటు కింద జంట స్ప్రింగులు కలిసి గరుసు దారి అదురును చాలావరకు మింగేసేవి. హ్యాండిల్ ఎత్తుగా ఉండడం వల్ల నడుము వంపు దాదాపు నిలబడినప్పుడు ఉన్నట్టే ఉండేది.

కీడు కొలతలో ఉంది. ఈ సైకిళ్ళ ఫ్రేములు ఎక్కువగా 22, 24 అంగుళాలు. ఇంగ్లండు మగవాళ్ళ ఎత్తును బట్టి స్థిరపడిన కొలతలవి. 22 అంగుళాల ఫ్రేమంటే దాదాపు 56 సెంటీమీటర్లు. దానికి పెడల్ కడ్డీ పొడవు 17 సెంటీమీటర్లు, స్ప్రింగులతో కలిపి సీటు ఎత్తు సుమారు 10 సెంటీమీటర్లు కలపాలి. అంటే సీటును అట్టడుగుకు దించినా, కింద ఉన్న పెడల్ నుంచి సీటు పైభాగానికి 83 సెంటీమీటర్ల దూరం ఉంటుంది. గజ్జల నుంచి మడమ దాకా 75 సెంటీమీటర్ల కాలున్న మనిషికి సరిపడే దూరం దాదాపు 82 మాత్రమే. 24 అంగుళాల ఫ్రేమయితే ఈ తేడా ఆరేడు సెంటీమీటర్లకు పెరుగుతుంది. కాలు అందని మనిషి ప్రతి తొక్కుకూ తుంటిని ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు దించుతాడు. వెనుక నుంచి చూస్తే సీటు మీద తక్కెడ ఊగినట్టు కనిపిస్తుంది. గంటకు కొన్ని వేలసార్లు జరిగే ఈ ఊగులాట నడుము దిగువ కండరాలను అలసిపోయేలా చేస్తుంది. సైకిలు తొక్కితే నడుము పట్టేస్తుందన్న మాటకు మూలాల్లో ఇదొకటి.

దీనికి తోడు ఒక అలంకారం. కొత్త సైకిలు కొన్నవాడు హ్యాండిల్‌కు రంగు కుచ్చులు, చక్రాల బుష్షులకు పూల పట్టీలతో పాటు సీటుకు మెత్తటి స్పాంజి కవరు తొడిగించుకునేవాడు. మెత్తదనం కోసం వేయించుకున్న ఆ కవరు సీటును మరో రెండు సెంటీమీటర్లు పైకి లేపేది. పైగా తొక్కేటప్పుడు అది పక్కలకు జారితే తుంటి ఊగడం ఇంకా పెరిగేది.

పిల్లలు పెద్దల సైకిలు మీదే నేర్చుకున్నారు. గంటకు ఇంతని అద్దెకు ఇచ్చే అంగడిలో చిన్న సైకిలు ఉంటే ఉండేది, లేకుంటే లేదు. సీటు అందని పిల్లవాడు బార్ కింద నుంచి ఒక కాలు అవతలికి దూర్చి, ఒక చేత్తో హ్యాండిల్, మరో చేత్తో బారో సీటో పట్టుకుని, ఒళ్ళంతా మెలితిప్పి సగం సగం తొక్కేవాడు. చిన్న ఒంటికి, కొద్ది సేపటికి అది చెల్లిపోయింది.

క్యారియర్ మీద బరువు

కరువు సీమలో సైకిలు మనిషి ఎక్కే వాహనం కంటే బరువు మోసే బండిగానే ఎక్కువ పనిచేసింది. వేరుశనగ కాయల మూట, పశువుల మేత మోపు, రెండు పక్కలా వేలాడే పాలక్యాన్లు, తాళ్ళతో కట్టిన నీళ్ళ బిందెలు: అన్నీ క్యారియర్ మీదికే. బరువు ఎక్కువైతే తొక్కడం మాని, సైకిలును ఒక పక్కకు వాల్చి పట్టుకుని తోసుకుంటూ నడిచేవారు. అలా తోసేటప్పుడు వీపు ఎప్పుడూ ఒకే పక్కకు మెలి తిరిగి ఉంటుంది. రోజూ ఇదే పని చేసేవాడికి ఒక పక్క నడుము ముందుగా పట్టేయడం అందుకే.

అయితే అసలు ప్రమాదం తోయడంలో కంటే ఎత్తడంలో ఉంది. 1999లో జర్మనీలోని ఉల్మ్ నగరంలో హాన్స్ యోఆఖిమ్ విల్కే బృందం ఒక మనిషి నడుము వెన్నుపూసల మధ్య డిస్కులో సూక్ష్మమైన పరికరం అమర్చి ఒత్తిడిని కొలిచింది. ఊరికే నిలబడినప్పుడు 0.5 మెగాపాస్కల్ ఉన్న ఒత్తిడి, నడుము వంచి 20 కిలోలు ఎత్తినప్పుడు 2.3కు చేరింది. మోకాళ్ళు వంచి ఎత్తితే 1.7. అదే బరువును ఒంటికి ఆనించి పట్టుకుంటే 1.1 మాత్రమే, చేతులు చాచి దూరంగా పట్టుకుంటే 1.8. ఇరవై కిలోలంటే పావగడ ఊళ్ళలో శుద్ధి నీటి కేంద్రం నుంచి సైకిలు మీద తెచ్చుకునే 20 లీటర్ల క్యాను బరువే. క్యారియర్ ఎత్తు సుమారు ముప్పావు మీటరు. నేల మీది క్యానును నడుము వంచి, చేతులు చాచి అక్కడికి చేర్చే రెండు మూడు క్షణాల్లో నడుము మీద పడే భారం, ఆ తర్వాత పావుగంట తొక్కుడులో పడేదానికంటే ఎక్కువ.

దీనికి విరుగుడు పల్లె అలవాట్లలో ఎప్పటి నుంచో ఉంది. మూటను నేల మీద కాకుండా అరుగు మీదో గట్టు మీదో దించుకుని, సైకిలును దాని పక్కకు తెచ్చి, మూటను క్యారియర్ మీదికి జరపడం. ఒకరు సైకిలు పట్టుకుంటే ఇద్దరు మూట ఎత్తడం. పాలక్యాన్లను రెండు పక్కలా సమంగా తగిలించడం. నడుముకు తువ్వాలు బిగించి కట్టుకోవడమూ అలాంటి అలవాటే. నడుము మరీ వంచకుండా అది గుర్తుచేస్తుందే గానీ, బరువును తాను మోయదు.

వంగి తొక్కే కాలం

1980ల తర్వాత సైకిలు రూపు మారింది. బీఎస్‌ఏ ఎస్‌ఎల్‌ఆర్ వంటి తేలిక సైకిళ్ళు, ఆ వెనుక హీరో రేంజర్ తరహా లావు టైర్ల సైకిళ్ళు కుర్రకారును ఆకట్టుకున్నాయి. చక్రం 26 అంగుళాలకు, ఫ్రేము అంతకు తగినట్టు తగ్గడంతో కాలు అందని బాధ చాలావరకు తీరింది. కానీ కొత్త బాధ వచ్చింది. తిన్నని కడ్డీలా ఉండే హ్యాండిల్ ముందుకు, కిందికి పోయింది. తోలు, స్ప్రింగుల స్థానంలో ప్లాస్టిక్ పీఠం మీద పలుచని స్పాంజి సీటు వచ్చింది. నిటారుగా కూర్చున్న తరం పోయి, ముందుకు వంగి తొక్కే తరం వచ్చింది. వంగినప్పుడు తుంటి ఎముక వెనక్కి దొర్లి ఉండిపోతే, నడుము సహజంగా ఉండే లోవంపు పోయి బయటికి గూనిలా తిరుగుతుంది. ఆ భంగిమలో అరగంట దాటితే వెన్ను కట్లు (లిగమెంట్లు) సాగి, కండరాలు పట్టు వదిలేస్తాయి.

2006-07లో కర్ణాటక ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ఉచితంగా సైకిళ్ళు ఇవ్వడం మొదలుపెట్టింది. హైస్కూలు లేని ఊళ్ళ నుంచి పక్క ఊరి బడికి పోయే పావగడ పిల్లలకు ఇది పెద్ద ఆసరా అయింది. బాలురకు ఒక రకం, బాలికలకు ఒక రకం సైకిలు. ఎనిమిదో తరగతిలో మాత్రం ఒకే వయసు పిల్లల మధ్య జానెడు ఎత్తు తేడా ఉంటుంది. పైగా పదమూడేళ్ళ వాడు పదో తరగతికి వచ్చేసరికి చాలా పొడవు పెరుగుతాడు. సైకిలు ఇచ్చిన నాడు బిగించిన సీటు అక్కడే తుప్పు పట్టి ఉండిపోతే, మొదటి ఏడు ఎత్తుగా ఉన్నది మూడో ఏటికి పొట్టిదవుతుంది. సీటు పొట్టిదైతే మోకాలు ఛాతీ దాకా లేచి, ప్రతి తొక్కుకూ నడుమును వెనక్కి నెడుతుంది.

బడి సంచి ఇంకో బరువు. 2019లో కర్ణాటక విద్యాశాఖ సంచి బరువు పిల్లల ఒంటి బరువులో పదో వంతు మించరాదని చెప్పి, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు 3-4 కిలోలు, తొమ్మిది, పది తరగతులకు 4-5 కిలోలు అని హద్దు పెట్టింది. ఆ హద్దు నడిచేవారికి సరిపోతుంది గానీ, ముందుకు వంగి తొక్కేవారి వీపు మీద నాలుగు కిలోలు కూడా నడుమును కిందికి లాగుతూనే ఉంటాయి. సంచిని క్యారియర్ మీద పెట్టి రబ్బరు పట్టీతో కట్టడం ఖర్చు లేని నివారణ.

పరిశోధన చెప్పిన కొలతలు

సైకిలు అంగడివాడు కంటితో చూసి సీటు ఎత్తు సరిచేసే పనికి 1967లో లెక్క దొరికింది. బ్రిటన్‌లో హామ్లీ, థామస్ అనే పరిశోధకులు వ్యాయామ సైకిలు మీద చేసిన ప్రయోగాల్లో పెడల్ నుంచి సీటు పైభాగానికి ఉండే దూరం కాలి లోపలి కొలతలో 109 శాతం ఉంటే తక్కువ శ్రమతో ఎక్కువ పని జరుగుతుందని తేలింది. పైన చెప్పిన 75 సెంటీమీటర్ల కాలికి 82 వచ్చింది ఈ లెక్కలోనే. 1999లో ఇజ్రాయెల్ వైద్యులు నడుము నొప్పి ఉన్న సైకిలు క్లబ్బు సభ్యుల సీట్లను ముందుకు 10 నుంచి 15 డిగ్రీలు వాల్చి చూశారు. 70 శాతానికి పైగా సభ్యులకు నొప్పి బాగా తగ్గింది. సీటు మూతి దిగినప్పుడు తుంటి ఎముక ముందుకు దొర్లి, నడుము లోవంపు తిరిగి రావడమే దీని కిటుకు. 2010లో వచ్చిన ఒక నార్వే పరిశోధన 109 మంది వృత్తి పందెగాళ్ళను అడిగితే, అంతకు ముందు ఏడాదిలో నడుము నొప్పి చూసినవారు 58 శాతం. మంచి సైకిలు, మంచి శిక్షణ ఉన్నవారి సంగతే ఇది. గంటల తరబడి వంగి కూర్చోవడం ఎవరి నడుమునూ ఊరికే వదలదు.

ఈ ఫలితాలన్నీ పల్లె సైకిలుకు ఉన్నదున్నట్టు పనికిరావు. సీటు వాల్చే చిట్కా వంగి తొక్కేవారిది. నిటారుగా కూర్చునే పెద్ద సైకిలు మీద సీటు మూతి దించితే మనిషి ముందుకు జారిపోయి, భారమంతా చేతుల మీద పడుతుంది. దానికి సీటు సమంగా ఉండడమే మేలు.

పానతో చేసే నివారణ

నడుము నొప్పి రాకుండా చూసుకునే పనిలో పెద్ద భాగం సైకిలు అంగడిలో ఒక పానతో పది నిమిషాల్లో అయిపోతుంది. తొక్కేవాడు గోడ పట్టుకుని సైకిలు మీద కూర్చోవాలి. పెడల్‌ను అట్టడుగుకు తెచ్చి దాని మీద మడమ పెడితే మోకాలు చాపుకున్నట్టు తిన్నగా ఉండాలి. అప్పుడు మడమ తీసి ముంగాలు పెడితే మోకాలు కొద్దిగా వంగుతుంది. ఆ వంపు 25 నుంచి 35 డిగ్రీలుంటే సరి. మడమ అందుకోవడానికి తుంటి పక్కకు దిగితే సీటు ఎత్తు ఎక్కువ. మడమ పెట్టినా మోకాలు వంగే ఉంటే తక్కువ. సీటు పైపు ఎంత పైకి లాగినా కనీసం రెండున్నర అంగుళాలు ఫ్రేములోపల మిగలాలి. తుప్పుతో బిగుసుకున్న పైపుకు కాస్త నూనె పోసి ఒక రాత్రి వదిలేస్తే మర్నాడు కదులుతుంది.

తర్వాత చేతుల సంగతి. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి. బిర్రుగా చాచుకుంటే గుంతల అదురు భుజాల మీదుగా వెన్నుకు పోతుంది. హ్యాండిల్‌ను సీటంత ఎత్తుకు లేపడం, సీటును పట్టాల మీద కాస్త ముందుకు జరపడం దీనికి మందు. టైరులో గాలి మరీ గట్టిగా కొట్టిస్తే గరుసు దారిలో ప్రతి రాయీ నడుముకు తెలుస్తుంది. మరీ తక్కువైతే తొక్కుడు బరువై నడుము మీదే పడుతుంది.

గేర్లు లేని సైకిలుకు ఇంకో జాగ్రత్త అవసరం. ముందు 44 పళ్ళ చక్రం, వెనుక 18 పళ్ళ ఫ్రీవీల్ ఉన్న పెద్ద సైకిలు పెడల్ ఒక చుట్టుకు దాదాపు 5.4 మీటర్లు పోతుంది. చదును నేల మీద ఇది హాయి. గుట్ట ఎక్కేటప్పుడూ ఎదురుగాలిలోనూ మాత్రం తొక్కేవాడు హ్యాండిల్‌ను లాగుతూ నడుము బిగబట్టి తోయాల్సి వస్తుంది. ఎత్తు రాగానే దిగి నడిపించుకుపోయే పాతకాలపు పద్ధతి బద్ధకం అనిపించినా నడుముకు అదే మంచిది. దూరం పోయేవారు ఇరవై నిమిషాలకోసారి దిగి, చేతులు నడుము మీద పెట్టి కాస్త వెనక్కి వంగితే సాగిన కట్లు తేరుకుంటాయి. ఇంటి దగ్గర భుజంగాసనం, సేతుబంధాసనం, తొడ వెనుక కండరాలను సాగదీయడం వంటివి రోజూ పది నిమిషాలు చేస్తే నడుముకు కావలసిన బలం వస్తుంది.

సైకిలుది కాని నొప్పి

పావగడలో నడుము నొప్పి మాట వచ్చినప్పుడు సైకిలుతో పాటు నీటినీ చూడాల్సి ఉంటుంది. ఈ తాలూకా భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఎక్కువ. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు. వేరే నీరు లేకుంటే 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు. అంతకు మించిన నీటిని ఏళ్ళ తరబడి తాగితే పళ్ళ మీద గోధుమ రంగు చారలు పడతాయి, ఎముకలు చిక్కబడతాయి, వెన్నుపూసల కట్లు సున్నం పట్టి గట్టిపడి వెన్ను కర్రలా బిగుసుకుపోతుంది. భారతదేశంలో ఈ జబ్బును తొలిసారి వైద్యపత్రికలో వివరించినది 1937లో, మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో కనబడిన రోగుల గురించే. పావగడకు తుంగభద్ర జలాశయం నుంచి నీళ్ళు తెచ్చే పథకం, ఊరూరా పెట్టిన శుద్ధి కేంద్రాలు ఈ బాధకు విరుగుడుగా వచ్చినవే.

రెండు నొప్పులకూ తేడా ఉంది. సైకిలు నొప్పి తొక్కినప్పుడు మొదలై, ఒకటి రెండు రోజులు మానితే తగ్గుతుంది. సీటు సరిచేస్తే కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది. ఫ్లోరైడు వల్ల వచ్చే బిగువు తొక్కినా తొక్కకున్నా ఉంటుంది. మెడ, మోకాళ్ళు, కీళ్ళూ పట్టేస్తాయి. కింద పడిన నాణేన్ని వంగి తీసుకోవడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం కష్టమవుతుంది. నొప్పి కాలి కిందికి పాకి తిమ్మిరి రావడం, కాలు పట్టు తప్పడం, మలమూత్రాల మీద అదుపు పోవడం, జ్వరంతో కూడిన నొప్పి, రాత్రి నిద్ర లేపే నొప్పి కనిపిస్తే వెంటనే వైద్యుడి దగ్గరికి పోవాలి. ఇవేవీ లేకుండా, సీటు కొలత సరిచేసిన తర్వాత కూడా నడుము బిగుసుకునే ఉంటే, ఆ పైన పరీక్ష చేయించాల్సింది ఇంట్లో తాగే నీటిని.